మోటారు షెడ్డులో మొదటి తూటా

అల్లుణ్ణి ‘నువ్వు’ అనే అవకాశం నాకు ఇన్నేళ్ళలో ఒక్కసారే దొరికింది. అది కూడా ఎలాంటి చోట దొరికిందంటే, పక్కన పొరుగు దేశపు మేజరు కూర్చుని ఉన్నాడు, ఎదురుగా అల్లుడు ఖైదీ బట్టల్లో ఉన్నాడు, ఇతనెవరో నాకు తెలియనట్టు నేను నటిస్తున్నాను.

సరిహద్దు గేటు దగ్గర కాల్పులు జరిగి అప్పటికి మూడు వారాలు. మావాళ్ళు ముగ్గురు పోయారు, వాళ్ళవాళ్ళు నలుగురు. రెండు ప్రభుత్వాలూ రాయబారుల్ని వెనక్కి పిలిపించుకుని, రాయబార కార్యాలయాలకి తాళాలు వేసుకుని, రేడియోల్లో ఒకరినొకరు తిట్టుకున్నాయి. తిట్లు అయిపోయాక ఇద్దరికీ కాస్త బుద్ధొచ్చింది. చెరో దర్యాప్తు అధికారిని పంపుదాం, ముందు ఎవరు కాల్చారో ఇద్దరూ కలిసి తేల్చి ఒకే నివేదిక మీద సంతకాలు పెట్టాలి అని ఒప్పందం రాసుకున్నారు. సంతకాలు పడితే గేటు తెరుస్తారు, రాయబారులు వెళ్తారు, వాళ్ళ చేతికి చిక్కిన మా హవల్దారు ఇంటికొస్తాడు. పడకపోతే అతన్ని చొరబాటుదారుగా అక్కడే విచారిస్తారు. ఆ విచారణలు ఎలా ముగుస్తాయో అందరికీ తెలుసు. గడువు ఆ రోజు సాయంత్రం నాలుగు గంటలు.

పోలీసు శాఖలో నన్ను ‘జిడ్డు’ అనేవాళ్ళు, పట్టుకుంటే వదలనని. రిటైరయ్యి హాయిగా కునుకు తీస్తున్నవాణ్ణి ఆ పేరు చూసే పిలిపించారు. విదేశాంగ శాఖ వాళ్ళు నా రక్తపోటు దగ్గర్నుంచి రాజకీయాల దాకా అన్నీ అడిగారు. ఖైదీ మీకేమవుతాడు అని మాత్రం అడగలేదు. నేనూ చెప్పలేదు. చెప్తే ఇంకొకర్ని పంపేవాళ్ళు, ఆ ఇంకొకళ్ళు ఎలాంటివాళ్ళో నాకు తెలుసు.

బయల్దేరేటప్పుడు మా అమ్మాయి ఏడవలేదు. “నాన్నా, మీకూ ఆయనకూ పడదని నాకు తెలుసు. అయినా తీసుకురండి,” అంది అంతే.

పడదన్న మాట నిజమే. అతను మా ఇంటికొస్తే రెండు ముక్కలు మాట్లాడడు. ఫ్యాను, కుళాయి, గోడ గడియారం, ఏది కనపడితే అది విప్పి నేల మీద పరుస్తాడు. బాగుచేస్తాడనుకోండి. కానీ ఇంటి పెద్దని ఒక మాట అడగాలా వద్దా?

విచారణ గది కచ్చితంగా సరిహద్దు గీత మీద ఉంది. బల్ల సగం మాది, సగం వాళ్ళది. మా సగం మీద మా టెలిఫోను, వాళ్ళ సగం మీద వాళ్ళది. భాషకి మాత్రం గీత లేదు, అటూ ఇటూ ఒకటే మాట్లాడతాం. వాళ్ళ మేజరుకి నేను మనసులో ‘కత్తెర’ అని పేరు పెట్టాను. ఆరడుగుల పైన మనిషి, ఎవర్నీ మాట పూర్తి చెయ్యనివ్వడు.

మూడు రోజులు ఇద్దరం పక్కపక్కన కూర్చుని కాగితాలు చూశాక, ఆ రోజు ఖైదీని తెచ్చారు. నన్ను చూశాడు, కనురెప్ప కూడా కదల్లేదు. కుర్చీని కాస్త నా కుడి పక్కకి జరుపుకుని కూర్చున్నాడు. చిక్కిపోయాడు. గడ్డం పెరిగింది. నేను ఊరికే దగ్గాను.

“ఆ సాయంత్రం ఎక్కడున్నావు నువ్వు?”

“మోటారు షెడ్డు దగ్గర సార్.”

“అక్కడేం పని?”

“నీళ్ళ కోసం.”

“పక్కన ఎవరున్నారు?”

“ఎవరూ లేరు సార్.”

కత్తెర అందుకున్నాడు. “మా వైపుకి ఎలా వచ్చావు?”

“నడిచి.”

“తుపాకీ?”

“లేదు.”

“తుపాకీ లేకుండా శత్రువు పోస్టు మీదికి...” అని తన మాట తనే కత్తిరించుకుని, పక్కనున్న సంచిలోంచి ఒక చొక్కా తీసి బల్ల మీద పరిచాడు. ఎండిపోయిన రక్తం. ముందు వైపు ఏమీ లేదు. భుజాల దగ్గర్నుంచి నడుం దాకా వీపంతా నల్లగా అట్ట కట్టింది. “పట్టుకున్నప్పుడు నీ ఒంటి మీద ఉన్న చొక్కా ఇది. నీకు గీత కూడా పడలేదు. ఎవరి రక్తం?”

“తెలీదు సార్.”

“వీపంతా తడిసిపోతే తెలీదా?”

మా ఇంట్లో సోఫాలో కూర్చున్నట్టే కూర్చున్నాడు, గోడకి గోడలాగా. ఇతన్ని ఎలా కదిలించాలో పదేళ్ళుగా నాకు చేతకాలేదు, ఇప్పుడు ఎలా చేతనవుతుంది?

“పెళ్ళయిందా?” అన్నాను.

“అయింది సార్.”

“పిల్లలు?”

“ఒక పాప.”

“నాలుగు లోపల ఇక్కడ సంతకాలు పడకపోతే నువ్వు వాళ్ళని మళ్ళీ చూస్తావన్న నమ్మకం నాకు లేదు. నిజం చెప్పడానికి ఏం అడ్డం? వాళ్ళ గతి ఏం కాను?”

మొదటిసారి తలెత్తాడు. “మా మావగారున్నారు సార్. ఆయన చూసుకుంటారు. కొంచెం కోపిష్ఠి మనిషి గానీ మంచాయన.”

నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. అది శుభ్రంగానే ఉంది. ఖైదీని తీసుకెళ్ళిపొమ్మని చెప్పి, “షెడ్డు చూద్దాం,” అని లేచాను.

గేటుకి మా వైపున మా కెప్టెను నిలబడి ఉన్నాడు. ముప్పై లోపు వయసు, ఛాతీ మీద కొత్త పతకం. కాల్పుల రోజు పోస్టుని నిలబెట్టినందుకు ఇచ్చారు. నా వెనకాల వాళ్ళ మేజరుని చూడగానే ఒంటికాలి మీద లేచాడు.

“వీళ్ళు నా ముగ్గుర్ని పొట్టన పెట్టుకున్నారు. ఈయన్ని నా పోస్టులో అడుగు పెట్టనివ్వను.”

“పోస్టు నీది కాదు బాబూ, ప్రభుత్వానిది. ప్రభుత్వం పెట్టనివ్వమంది.” ఉత్తరం చూపించాను.

“షెడ్డులో చూడ్డానికేముంది? పాత మోటారు. తలుపు కూడా కాల్పుల్లో తుక్కయిపోతే కొత్తది పెట్టించాం.”

“నాకు మోటార్లంటే సరదా.”

మొహం మాడ్చుకుని తాళం తీశాడు. రేకు తలుపుకి రంగు వాసన ఇంకా పోలేదు. లోపల చీకటి. మేజరు ముందు వంగి దూరాడు, వెనకాల నేను. గుమ్మం ఎంత కిందికి ఉందో చూసుకోలేదు, నుదురు ఠపీమని కొట్టుకుంది. కళ్ళ ముందు చుక్కలు కనపడ్డాయి. కెప్టెను నవ్వాపుకున్నాడు.

బొప్పి తడుముకుంటూ చూశాను. ఇటుకల దిమ్మె మీద మోటారు, గోడకి స్టార్టరు పెట్టె, మూలన తాడు చుట్ట. కిటికీ లేదు. మోటారు వెనక గోడంతా పాతబడి పసుపెక్కింది, ఒక్కచోట మాత్రం అరచేతి వెడల్పున తెల్లటి సిమెంటు.

“ఇదేంటి?”

“పెచ్చు ఊడితే పూయించాం,” అన్నాడు కెప్టెను.

“గోడంతా పెచ్చులూడుతుంటే దీనికొక్కదానికే ఆ భాగ్యం ఎందుకు పట్టిందో.”

మేజరు అప్పటికే జేబు చాకుతో గీకుతున్నాడు. పూత ఊడి పడింది. లోపల చిటికెన వేలు పట్టేంత కన్నం, దాని లోపల నలిగిన సీసం. మేజరు పక్కకి జరిగాడు. నేను గొంతుక్కూర్చుని కన్నం దగ్గర చెంప ఆనించి బయటికి చూశాను. గోడ దగ్గర్నుంచి చూపు తిన్నగా వెళ్ళడానికి ఒకటే దారి, తలుపు. తలుపులోంచి కనపడేది ఒకటే, మా పోస్టు మేడ మీద కాపలా గది కిటికీ.

నేను లేచి, కన్నం ఎత్తు నా కాలితో కొలుచుకున్నాను.

“నా మోకాలి కంటే కొంచెం పైన ఉందిది,” అన్నాను. “నిలబడ్డవాడికి తగల్లేదు. కూర్చుని మోటారు విప్పుతున్నవాడి భుజంలోంచి దూసుకొచ్చింది.”

“మా మెకానిక్కు,” అన్నాడు మేజరు. “భుజంలో గాయంతో మా ఆస్పత్రిలో ఉన్నాడు. అడిగితే గుర్తులేదంటాడు.”

“మీ మెకానిక్కు మా షెడ్డులో ఏం చేస్తున్నట్టు?” అని అడుగుతూనే స్టార్టరు పెట్టె దగ్గరికి వెళ్ళాను. ఇంట్లో అల్లుడు విప్పి పరుస్తుంటే పక్కన నిలబడి తిట్టిన పుణ్యం, వైరు ఎక్కణ్ణుంచి వస్తుందో చూడ్డం నాకు అలవాటైంది. ఈ వైరు మా స్తంభం వైపు పోలేదు. గోడ దిగి, నేలలోకి దూరి, సరిహద్దు గీత వైపు వెళ్ళింది. బయట తొట్టికి రెండు గొట్టాలున్నాయి. ఒకటి మా పోస్టుకి. రెండోది వైరులాగే మట్టి కిందనుంచి గీత వైపుకి.

“మీ పోస్టుకి జనరేటరు కదా,” అని కెప్టెన్ని అడిగాను. “ఈ మోటారుని అది లాగుతుందా?”

జవాబు మేజరు చెప్పాడు, చాలా నెమ్మదిగా. “లాగలేదు. బోరు మీది. కరెంటు మాది. సాయంత్రం మావాడు స్విచ్చి వేస్తాడు, ఇద్దరి తొట్లూ నిండుతాయి. మోటారు మొరాయిస్తే ఇద్దరూ కలిసి బాగుచేసుకుంటారు.”

రాజధానుల్లో రాయబారులు కలిసి ఒక వాక్యం రాసుకోవడానికి నెలలు పడుతుంది. ఇక్కడ హవల్దార్లు రోజూ సాయంత్రం ఒక్క సంతకం లేకుండా ఒప్పందం అమలు చేస్తూ వచ్చారన్నమాట. నాకు నవ్వొచ్చింది. చొక్కా వీపు మీది రక్తం ఎవరిదో అప్పుడు అర్థమైంది. మెకానిక్కుని తన వీపు మీద వేసుకుని, రెండు పక్కలా తూటాలు పోతుంటే, అతని వాళ్ళకి అప్పజెప్పడానికి మా అల్లుడు గీత దాటాడు. దాటినందుకు ఖైదీ అయ్యాడు. నోరు విప్పితే శత్రువుతో చెయ్యి కలిపాడని ఆ మెకానిక్కు ప్రాణానికి వస్తుంది. అందుకని విప్పలేదు.

“నువ్వు ఈ పోస్టుకి ఎప్పుడొచ్చావు?” అని కెప్టెన్ని అడిగాను.

“అదే రోజు. పొద్దున.”

“చార్జి ఇచ్చినాయన ఈ సంగతి చెప్పలేదా?”

“తుపాకులు, తాళాలు, దుప్పట్లు అన్నీ లెక్కపెట్టి ఇచ్చాడు.” మేడ వైపు చూశాడు. “ఇది లెక్కలో లేనిది కదా, ఎలా చెప్తాడు? నేను మేడ మీదనుంచి చూశాను సార్. వాళ్ళ యూనిఫారం. చేతిలో ఇనప పానా. పక్కన మా హవల్దారు నేలకి వంగి ఉన్నాడు. నేనేమనుకోవాలి?”

ఆ క్షణాన అతని మీద నాకు జాలి కలిగింది. ఆ కిటికీలో నేనున్నా అదే అనుకునేవాణ్ణి.

“నువ్వు అనుకున్నదాన్ని తప్పు పట్టను బాబూ. ఆ తర్వాత సిమెంటు పూశావు చూడు, అది తప్పు. దాని మీద పతకం పెట్టుకున్నావు, అది ఇంకా తప్పు.”

మేజరు గొట్టం వెంబడి గీత దాకా నడిచి వెళ్ళాడు. అది చూసుకుని కెప్టెను నా పక్కకి చేరి ఏదో గొణిగాడు. నాకు ఎడమ చెవి వినపడదు. ఆ సంగతి బయట ఎవరికీ చెప్పుకోను.

“ఇటు పక్కకొచ్చి బెదిరించు,” అన్నాను.

అతను బిత్తరపోయి కుడి పక్కకొచ్చాడు. “హవల్దారు సర్వీసు ఫైల్లో భార్య తండ్రి ఎవరో రాసుంది సార్. రాజధానికి ఒక్క ఫోన్ చేస్తే మీ దర్యాప్తు చెత్తబుట్టలోకి పోతుంది, మీరు జైలుకి పోతారు. అదంతా ఎందుకు? వాళ్ళ మెకానిక్కు ఆర్డరు లేకుండా చొరబడి దాడి చేశాడని రాయండి. ఒక్కడి మీద నెట్టేస్తే వాళ్ళ ప్రభుత్వానికీ పరువు దక్కుతుంది, సంతోషంగా ఒప్పుకుంటారు. సాయంత్రానికల్లా మీ అల్లుడు ఇంట్లో ఉంటాడు.”

ఏం జరుగుతుందో చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. అదే నా ఖర్మ.

మళ్ళీ విచారణ గదిలోకి వచ్చేసరికి మూడున్నర. కెప్టెను గుమ్మం దగ్గర కాపలా ఉన్నట్టు నిలబడ్డాడు. తెల్లకాగితం బల్ల మధ్య, సరిగ్గా గీత మీద ఉంది. కలం నా చేతిలో ఉంది.

ఒక్క వాక్యం చాలు. మా అమ్మాయి ఫోను పక్కన కూర్చుని ఉంటుంది. పాప బడి నుంచి వచ్చే వేళ. నాన్న ఎప్పుడొస్తాడని ఆ పిల్ల అడగడం మానేసి వారమైంది, అది తల్చుకుంటేనే నాకు భయం. ఆస్పత్రిలో ఉన్న ఆ మెకానిక్కు మొహం కూడా నేనెరగను. ఎరగనివాడి కోసం నా కూతురి కాపురం ఎందుకు వదులుకోవాలి? ఇలా ఎంత సేపు వాదించుకున్నా, అతన్ని ఎరిగినవాడొకడు వీపు మీద మోసి, మూడు వారాలు నోరు మూసుకుని కూర్చున్నాడన్న సంగతి దగ్గరికొచ్చి ఆగిపోతున్నాను. ఇంటికొచ్చాక అతను నన్నేమీ అడగడు. ఫ్యాను విప్పుకుంటూ కూర్చుంటాడు. నేను ఆ గదిలో ఎలా కూర్చోవాలి?

“మీ అల్లుడు మంచివాడు,” అన్నాడు మేజరు.

కలం చేజారింది. గుమ్మం దగ్గర కెప్టెను ఉలిక్కిపడ్డాడు.

“మూడు రోజులుగా మీ పక్కన ఉన్నాను,” అన్నాడు మేజరు. “ఎడమ పక్కనుంచి ఏమడిగినా మీరు తలూపుతారు, జవాబివ్వరు. ఆ చెవి పనిచెయ్యదని నాకు తెలియడానికి రెండు రోజులు పట్టింది. ఖైదీ మిమ్మల్ని చూడగానే కుర్చీ మీ కుడి చెవి వైపుకి జరుపుకున్నాడు.”

“మరి అప్పుడే ఎందుకు బయటపెట్టలేదు?”

“మీరు ఏం రాస్తారో చూద్దామని.”

నేను కాగితం దగ్గరికి లాక్కున్నాను. మొదటి వాక్యం రాశాను, రాస్తూ పైకి చదివాను. “ఈ నివేదిక రాస్తున్న నేను ఖైదీకి పిల్లనిచ్చిన మామని, ఆ సంగతి మా ప్రభుత్వానికి చెప్పకుండా వచ్చాను.” కెప్టెను మొహంలో నెత్తురు లేదు. చేతిలో ఉన్న ఒకే ఒక్క తురుపు ముక్క నేనే లాగేసుకుని బల్ల మీద పడేశాను మరి. అతను గిరుక్కున తిరిగి పోస్టు వైపు పరిగెత్తాడు.

ఖైదీని మళ్ళీ పిలిపించాను.

“అల్లుడు గారూ, కూర్చోండి,” అన్నాను.

నా మొహంలోకి చూశాడు, మేజరు మొహంలోకి చూశాడు. అంతా తెలిసిపోయిందని అతనికి అర్థమైంది. ఇంటి సంగతి అడుగుతాడనుకున్నాను.

“మావయ్యగారూ, అతను బతికున్నాడా?”

“ఉన్నాడు,” మేజరు జవాబు చెప్పాడు. “భుజం నయమవుతోంది. రేపు సైనిక కోర్టు. ఆర్డరు లేకుండా గీత దాటినందుకు.”

అల్లుడు తల దించుకున్నాడు. ఆ తల దించుకోవడం చూశాక నాకు షెడ్డు గుమ్మం గుర్తొచ్చింది. నుదుటి మీద బొప్పి సలుపుతోంది.

“మేజరుగారూ, ఆ షెడ్డులోకి మీరు నాకంటే ముందు వెళ్ళారు. చీకటి. నాకంటే జానెడు పొడుగు. నా తల పగిలింది. మీరు గుమ్మం రాకముందే వంగారు. మా వైపు ఎన్నడూ అడుగు పెట్టని మనిషి అలా వంగడు.”

మొదటిసారి కత్తెర మాట మధ్యలో తెంపలేదు. కిటికీలోంచి షెడ్డు వైపు చూశాడు.

“చాలా ఏళ్ళ కిందట నేను లెఫ్టినెంటుని,” అన్నాడు. “ఈ గేటు దగ్గరే. ఆ ఎండాకాలం మా బావి అడుగంటింది. బోరు ఉండీ మీ జనరేటరు దాన్ని లాగలేక మీవాళ్ళు ఎండుతున్నారు. అప్పటి మీ కెప్టెనూ నేనూ ఒక రాత్రి పారలు పట్టుకుని ఆ వైరు పాతాం. ఆ గుమ్మానికి నేనూ రెండుసార్లు తల పగలగొట్టుకున్నాను.” కలం అందుకున్నాడు. నా వాక్యం కింద తన వాక్యం రాశాడు, నాకు వినపడేలా కుడి వైపు వంగి చదివాడు. “మెకానిక్కు ఆర్డరు లేకుండా వెళ్ళలేదు. ఆర్డరు నాది, నేటికీ రద్దు కాలేదు.”

“మీ ఉద్యోగం...”

“పోతుంది. మీరు జైలుకి. మిగిలింది రాసేద్దాం రండి.”

మిగతాది ఇద్దరం కలిసి రాశాం. కిటికీ, తలుపు, తూటా, సిమెంటు, మోటారు. ముందు కాల్చింది మావాడేనని, తెలియక కాల్చాడని రాశాను. మా ప్రభుత్వం దీన్ని మింగగలదో లేదో నాకు తెలియదు. కక్కినా, కాగితం మీద రెండు సంతకాలు పడ్డాక దాన్ని చింపడం మాత్రం ఒక్క ప్రభుత్వం వల్ల కాదు. ఒప్పందంలో అలాగే రాసుకున్నారు.

నాలుగింటికి ఇంకా పది నిమిషాలున్నాయి. మేజరు సంతకం పెట్టి కాగితం నా వైపు జరిపాడు. అప్పుడే మా టెలిఫోను మోగింది. అది రెండోసారి మోగేలోపు వాళ్ళ టెలిఫోను కూడా అందుకుంది. మా కెప్టెను ఊరికే పరిగెత్తలేదు. వాళ్ళ వైపు కూడా ఎవడో తలుపుకి చెవి ఆనించి ఉన్నాడన్నమాట. ఆ ఫోనెత్తితే వినపడే మాట ఒకటే, ఆపండి. ఆర్డరు చెవిన పడ్డాక పెట్టిన సంతకం చెల్లదు. ఎత్తకుండా కూర్చుందామంటే రాజధాని ఫోను ఎత్తకపోవడం కూడా నేరమే. బయట మెట్ల మీద బూట్ల చప్పుడు మొదలైంది.

మేజరూ నేనూ ఒకరి మొహాలొకరు చూసుకున్నాం.

అల్లుడు కుర్చీలోంచి లేచాడు. బల్ల కింద వంగి, మా టెలిఫోను తీగ గోడలోకి వెళ్ళే చోట వేళ్ళతో తడిమి, తాపీగా మర తిప్పాడు. మోత ఆగిపోయింది. తర్వాత మేజరు వైపు చూశాడు. మేజరు తలూపాడు. అటు పక్కకి వెళ్ళి రెండోది కూడా విప్పేశాడు. రెండు తీగలూ బల్ల మీద పరిచి పెట్టాడు.

“వదులైపోయాయి మావయ్యగారూ,” అన్నాడు. “మీరు కానివ్వండి. తర్వాత బిగిస్తాను.”

ఇన్నేళ్ళలో నన్నడక్కుండా అతను ఏదో విప్పినందుకు నాకు కోపం రాకపోవడం అదే మొదలు. నేను సంతకం పెట్టాను.